నడిగడ్డ గాలికి ఎలాంటి జాకెట్?

కృష్ణానది పుట్టిన మహాబలేశ్వరంలో ఏడాదికి ఐదువేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. అదే నది కర్ణాటక దాటి వచ్చి జూరాల ఆనకట్ట దగ్గర ఆగే చోట, అంటే నడిగడ్డ అని పిలిచే గద్వాల పరిసరాల్లో, మామూలు సంవత్సరంలో పన్నెండు నెలల వానా కలిపితే ఆరువందల మిల్లీమీటర్లకు లోపే. పశ్చిమ కనుమలు మబ్బుల్లోని నీటిని తమ పడమటి వాలు మీదే దింపేసుకుంటాయి. కనుమలు దాటి ఇటు వచ్చేసరికి మబ్బు పలచబడుతుంది, గాలి మాత్రం మిగులుతుంది. 1966లో పి.వి.జోసెఫ్, పి.ఎల్.రామన్ అనే భారతీయ వాతావరణ శాస్త్రవేత్తలు ఈ గాలి సంగతి తేల్చారు. జూలైలో దక్షిణ భారతం మీదుగా, నేలకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఒకటి సాగుతుందని చూపించారు. మృగశిర కార్తె మొదలు ఆశ్లేష దాకా గద్వాల, వనపర్తి పొలాల్లో చెట్ల కొమ్మలన్నీ తూర్పుకు వంగి ఊగడం వెనక ఉన్నది ఆ ప్రవాహమే. ఆషాఢంలో గాలి ఈడ్చి కొడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

సైకిల్ తొక్కేవారికి జాకెట్ గురించి చెప్పబోతూ నది దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. దుకాణంలో కనిపించే జాకెట్లలో ఎక్కువ భాగం వేరే దేశాల వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. అక్కడ వానంటే చల్లని వాన; గంటల తరబడి పది పన్నెండు డిగ్రీల్లో పడేది. పాలమూరు వాన అలాంటిది కాదు. ఇక్కడ వానకాలంలో గాలి ఎక్కువ, తుంపర తక్కువ, ఉక్కపోత మామూలు. జాకెట్ ఎంచుకునేటప్పుడు "ఇది వాన ఆపుతుందా?" అన్నది మనందరి నోటా మొదట వచ్చే ప్రశ్న. పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో మొదట అడగాల్సింది అది కాదని నా అభిప్రాయం. ఇది గాలిని ఎంత ఆపుతుంది, లోపలి ఆవిరిని ఎంత వదులుతుంది? ఈ రెండూ తేలాకే వాన సంగతి.

గద్వాల నుంచి రాయచూరు దారి చూడండి. దాదాపు సూటిగా పడమటికి పోతుంది. జూలైలో పొద్దున ఆ దారిన గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారనుకుందాం. ఎదురుగాలి కూడా ఇరవై. మీ ఛాతీకి తగిలే గాలి నలభై. సాయంత్రం అదే దారిన, అదే వేగంతో తిరిగి వస్తారు. ఇప్పుడు గాలి మీ వెనక నుంచి మీతోపాటే వస్తోంది. మీ ఒంటికి తగిలే గాలి సున్నా. ఆకాశంలో మబ్బు అదే, ఉష్ణోగ్రత అదే, అయినా పొద్దున వణికిన మనిషి సాయంత్రం చెమటతో ముద్దయిపోతాడు. మారే వాతావరణం అన్నప్పుడు మనం ఆకాశం వైపే చూస్తాం. సైకిల్ మీద వాతావరణాన్ని ఎక్కువగా మార్చేది మలుపు, వాలు, మన కాలి బలం.

దీని వెనక లెక్క కష్టమైనదేమీ కాదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి బయటికి పోతుంటుంది. మన కండరాలు తిండి నుంచి వచ్చే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మార్చగలవు. మిగతాదంతా వేడి. పెడళ్ల మీద వంద వాట్ల శక్తి పెట్టాలంటే శరీరం మూడు నుంచి నాలుగు వందల వాట్ల వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి పోయే ప్రధాన మార్గం చెమట ఆరడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ లెక్కన మూడు వందల వాట్లను వదిలించుకోవాలంటే గంటకు అర లీటరుకు కాస్త తక్కువ చెమట ఆరాలి. కారిపోతే లాభం లేదు, ఆరాలి. నేల మీద పడ్డ చెమట చుక్క మనల్ని చల్లబరచదు. దాంతోపాటు నీరూ ఉప్పూ మాత్రం పోతాయి.

ఇప్పుడు ఎత్తు ఎక్కి దిగడం మొదలుపెట్టారనుకోండి. కాళ్లు ఆగిపోయాయి, వేడి పుట్టడం ఒక్కసారిగా మూడో వంతుకు, నాలుగో వంతుకు పడిపోయింది. వేగం మాత్రం పది నుంచి నలభైకి పెరిగింది. గాలి ఒంటి నుంచి వేడిని లాక్కునే రేటు వేగానికి దాదాపు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. అంటే వేగం నాలుగింతలైతే నష్టం రెండింతలు. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఈ సమయంలోనే ఒంటి మీద తడిసిన అంగీ ఉంటే ఏమవుతుంది? తడి ఆరడానికి కావాల్సిన వేడిని అది చర్మం నుంచే గుంజుకుంటుంది. 22 డిగ్రీల గాలిలో, మోస్తరు తేమలో లెక్క కడితే, అదే గాలికి పొడి ఒంటి నుంచి పోయే వేడి కంటే తడి ఒంటి నుంచి పోయేది మొదటి నిమిషాల్లో నాలుగైదు రెట్లు. మన దగ్గర 22 డిగ్రీలను ఎవరూ చలి అనరు. తడిసి, కాళ్లు ఆపి, వేగంగా కిందికి జారుతున్న మనిషికి మాత్రం పళ్లు పటపటలాడించే చలి అదే.

ఈ విషయాన్ని సైకిల్ పందేల ప్రపంచం 1988 జూన్ 5న కళ్లారా చూసింది. ఇటలీ చుట్టూ సాగే జీరో దితాలియా పందెం ఆ రోజు గావియా కనుమను దాటాలి. పైన మంచు కురుస్తోంది. నెదర్లాండ్స్‌కు చెందిన యోహాన్ వాన్ డెర్ వెల్డె పొట్టి చేతుల చొక్కాతోనే అందరికంటే ముందు శిఖరం దాటాడు. ఎక్కేటప్పుడు ఒంట్లో పుట్టిన వేడి అతన్ని కాపాడింది. దిగడం మొదలవగానే ఆ కాపుదల పోయింది. చలికి తట్టుకోలేక దారిలో ఆగిపోయి, గమ్యం చేరేసరికి నలభై నిమిషాలకు పైగా వెనకబడ్డాడు. అమెరికాకు చెందిన ఆండీ హాంప్‌స్టన్ ముందే జాగ్రత్తపడ్డాడు. ఉన్ని టోపీ, చేతి తొడుగులు, వానకోటు సిద్ధం చేసుకుని, దిగేముందు తొడుక్కున్నాడు. ఆ రోజే ఆధిక్యం సూచించే గులాబీ రంగు చొక్కా అతని చేతికి వచ్చింది. చివరికి పందెమూ గెలిచాడు. మన దగ్గర మంచు కురవకపోవచ్చు. భౌతికశాస్త్రం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

ఆ పందేల్లో ఇంకో పాత అలవాటు ఉంది. కొండ మీద నిలబడిన ప్రేక్షకులు పోటీదారులకు ఆ రోజు వార్తాపత్రిక అందిస్తారు. వాళ్లు దాన్ని మడిచి చొక్కా లోపల, ఛాతీ మీద దోపుకుని దిగుతారు. కాగితం గాలిని చొరనివ్వదు, మడతల మధ్య కాస్త గాలిని నిలబెడుతుంది. కిందికి వచ్చాక తీసి పారేస్తారు. గాలిని ఆపడానికి పెద్ద బరువు, పెద్ద ఖర్చు అక్కర్లేదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. వనపర్తిలో తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాడి దగ్గర ఈ మందు ఎప్పుడూ ఉంటుంది.

మన నేల మీద దీనికంటే ఎంతో పాతదీ, ఎంతో తెలివైనదీ ఒక వస్త్రం ఉంది. గొంగడి. కురుమలు నల్ల ఉన్ని దక్కని గొర్రెల బొచ్చు కత్తిరించి, ఆడవాళ్లు వడికి, మగవాళ్లు నేసిన ఈ నల్ల దుప్పటి లేకుండా పాలమూరు గొర్రెల కాపరి వానకాలం మంద వెంట పోయేవాడు కాదు. పడుగు నూలుకు చింతగింజల గంజి పట్టిస్తారు. దాంతో నూలు గట్టిపడుతుంది, గుడ్డ దళసరిగా నిలబడుతుంది. వాన రాగానే గొంగడి ఒక మూలను లోపలికి మడిచి నెత్తిన పెట్టుకుంటే కొప్పెర తయారు. నెత్తి, వీపు, భుజాలు కప్పుకుంటాయి. ముందు భాగం తెరిచే ఉంటుంది. వానను వీపు మీద తీసుకుని, గాలికి వెన్ను చూపి నిలబడితే చాలు.

ఉన్నిపోగు నిర్మాణం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పైన చేప పొలుసుల్లాంటి పొరలు, వాటి మీద పలుచని కొవ్వు పూత. అందుకే చినుకు దాని మీద పడి జారిపోతుంది. పోగు లోపలి భాగం మాత్రం నీటి ఆవిరిని ఇష్టంగా పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమను దాచుకున్నా ముట్టుకుంటే తడి అనిపించదు. ఆవిరిని పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుదల చేస్తుంది. పైనుంచి నీటిని తోసేస్తూ, లోపలి నుంచి ఆవిరిని తీసుకునే పదార్థం కోసం ఆధునిక ప్రయోగశాలలు ఎంత తిప్పలు పడ్డాయో కాసేపట్లో చూద్దాం. గొర్రె ఒంటి మీద అది సిద్ధంగానే ఉంది.

అయితే గొంగడిని సైకిల్ మీదికి తేలేం. కాపరి నిలబడతాడు, మెల్లగా నడుస్తాడు. అతని ఒంట్లో పుట్టే వేడి సైకిల్ తొక్కేవాడి వేడి కంటే చాలా తక్కువ. దళసరి గొంగడి అతనికి సరిపోతుంది, మనకు కొలిమి అవుతుంది. పైగా బాగా నానితే దాని బరువు మోయలేం, ఎండాలంటే రోజు పడుతుంది. దక్కని ఉన్నిపోగు మందం కూడా సమస్యే. పోగు మందం ముప్పై మైక్రాన్లు దాటితే చర్మానికి గుచ్చుకుంటుంది. దక్కని ఉన్ని ఆ హద్దు దాటినది. లోపలి బనీనుగా వేసుకునే మెరీనో ఉన్ని ఇరవై మైక్రాన్లకు లోపే ఉంటుంది, అందుకే దురద పెట్టదు. ఒక బాధ చెప్పకుండా ఉండలేను. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లో నిండిపోయాక దక్కని గొర్రె తగ్గిపోతోంది. గొర్రె పోతే ఉన్నీ, వడికే చేతులూ, మగ్గమూ వరసగా పోతాయి. ఇంత సైన్సు ఉన్న వస్త్రాన్ని పల్లెటూరి మోటుదనంగా చూసిన తప్పు మనదే.

రబ్బరు కాలానికి వద్దాం. 1823లో గ్లాస్గో రసాయనవేత్త చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూత పెట్టి నీరు చొరని కోటుకు పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ గద్వాల బజారులో దొరికే ప్లాస్టిక్ రెయిన్‌కోటు దాని సంతానమే. చుక్క నీరు లోపలికి రాదు, చుక్క ఆవిరి బయటికి పోదు. బండి మీద కూర్చుని పోయేవారికి అది బాగానే పనిచేస్తుంది. సైకిల్ తొక్కేవాడికి అరగంటలో లోపలే వాన మొదలవుతుంది. దాని ప్యాంటు గొలుసులో ఇరుక్కోవడం, వదులు అంచులు పక్కగాలికి తెరచాపలా ఉబ్బి సైకిల్‌ను లాగడం అదనపు ప్రమాదాలు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద వానకాలం పక్కగాలిలో పోంచో, అంటే ఒళ్లంతా కప్పే వదులు వానకోటు, వేసుకుని తొక్కడం అస్సలు మంచిది కాదు.

1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీని వేడిచేసి ఒక్క ఉదుటున సాగదీశాడు. అది తెగలేదు, సూక్ష్మమైన రంధ్రాలతో నిండిన పొరగా సాగింది. ఆ పొరతోనే 1976లో గోర్‌టెక్స్ వస్త్రాలు మార్కెట్‌లోకి వచ్చాయి. రంధ్రం నీటి చుక్క కంటే సుమారు ఇరవై వేల రెట్లు చిన్నది, నీటి ఆవిరి అణువు కంటే ఏడు వందల రెట్లు పెద్దది అని తయారీదారులు చెబుతారు. వాన రాదు, ఆవిరి పోతుంది. ఇక్కడిదాకా అంతా నిజమే. ఇబ్బంది ఎక్కడంటే, ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపల ఆవిరి పీడనం ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే కదులుతుంది. జాకెట్ శక్తి ఆ తేడా మీదే ఆధారపడుతుంది.

మన ఊళ్ల లెక్క వేసి చూద్దాం. చెమటతో తడిసిన 35 డిగ్రీల చర్మం దగ్గర ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్‌లు. డిసెంబరు తెల్లవారుజామున నాగర్‌కర్నూలు దగ్గర 16 డిగ్రీలు, తేమ డెబ్బై శాతం అనుకుంటే బయటి పీడనం 1.3. తేడా 4.3. ఇప్పుడు శ్రావణ మాసపు ముసురు. 25 డిగ్రీలు, తేమ తొంభై అయిదు శాతం. బయటి పీడనం 3.0. తేడా 2.6కు పడిపోయింది. వానకోటు అవసరమైన రోజునే దాని ఊపిరి నలభై శాతం తగ్గిపోయిందన్నమాట. పైగుడ్డ తడిసి నీటి పొర పట్టిందంటే ఇంకా తగ్గుతుంది. చీటీ మీద "24 గంటల్లో చదరపు మీటరుకు 10,000 గ్రాములు" అని ఉంటుంది. గంటకు లెక్కిస్తే 417 గ్రాములు, అదీ ప్రయోగశాల పరిస్థితుల్లో. ఎత్తు ఎక్కే మనిషి గంటకు లీటరు దాకా చెమట కార్చగలడు. అందుకే వేల రూపాయలు పోసి కొన్న జాకెట్‌లో కూడా మన వానలో లోపల తడిసిపోతాం. అది జాకెట్ మోసం కాదు, గాలిలోని తేమ విధించిన హద్దు.

కాబట్టి వానకాలంలో గద్వాల, వనపర్తి మైదానాల్లో తొక్కేవారికి నా సలహా సూటిగా ఇది: తడవకుండా ఉండాలన్న పంతం వదలండి. పాతిక, ముప్పై డిగ్రీల వానలో తడిస్తే ప్రాణానికేం కాదు. తడిసిన ఒంటికి గాలి తగలకుండా చూసుకుంటే చాలు. పలుచని నైలాన్‌తో, వంద గ్రాముల బరువుకు అటూ ఇటూ ఉండే, వెనక గాలి పోయే దారి ఉన్న విండ్‌చీటర్ దీనికి సరిపోతుంది. చినుకులను కాసేపు ఆపుతుంది, జోరు వానకు తడిసిపోతుంది, వాన ఆగాక పావుగంటలో ఒంటి మీదే ఆరిపోతుంది. మడిస్తే పిడికిట్లో ఇమిడి జేబులోకి పోతుంది. ఈ చివరి గుణమే అన్నిటికంటే ముఖ్యమని నేననుకుంటాను. ఇంట్లో మేకుకు వేలాడే మంచి జాకెట్ కంటే జేబులో ఉన్న మామూలు జాకెట్ నయం.

ఎంత పలుచన ఉండాలి? ఇక్కడ గద్వాల నేతగాళ్లకు బాగా తెలిసిన కొలత ఒకటి అక్కరకొస్తుంది. డెనియర్. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టు వ్యాపారంలో పుట్టిన కొలత ఇది. 20-22 డెనియర్ల పట్టు అంటే గద్వాల, రాజోలి మగ్గాల మీద పరిచయం అక్కర్లేని మాట. 1930లలో డ్యుపాంట్ కంపెనీలో వాలెస్ కారొథర్స్ బృందం నైలాన్‌ను కనిపెట్టాక, పట్టు స్థానంలోకి వచ్చిన ఆ పోగు పట్టు కొలతనే తెచ్చుకుంది. తేలికపాటి సైకిల్ జాకెట్‌కు పది నుంచి ఇరవై డెనియర్ల నైలాన్ వాడతారు. పదికి దగ్గరైతే గాలిలా తేలిపోతుంది గాని తుమ్మకంపకు తగిలితే చిరుగుతుంది. మన పొలాల గట్ల మీద, బాట పక్కన కంపచెట్లు లేని చోటెక్కడ? ఇరవై డెనియర్లకు కాస్త అటూ ఇటూ ఉన్నది ఎంచుకోవడం మేలు. పోగు ఎంత సన్నమో మాత్రమే కాకుండా నేత ఎంత దట్టమో కూడా చూడాలి; గాలిని ఆపేది దట్టమైన నేతే.

గద్వాల చీర ఇంకో పాఠం కూడా చెబుతుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. చల్లగా ఉండాల్సిన చోట ఒక పోగు, మెరవాల్సిన చోట మరొకటి. రెండింటినీ ఒకే వస్త్రంలో విడదీయరాకుండా కలపడమే అక్కడి పనితనం. మంచి సైకిల్ జాకెట్ కూడా అలాగే ఉండాలి. ఛాతీకి, భుజాలకు, చేతుల ముందు భాగానికి గాలి చొరని దట్టమైన గుడ్డ. వీపుకు, చంకల కింద సన్నని జాలీ గుడ్డ. ముందుకు వంగి తొక్కే మనిషికి గాలి తగిలేది ముందు వైపే. చెమట ఎక్కువగా పట్టేది వీపుకే. ఒళ్లంతా ఒకే గుడ్డతో కుట్టిన జాకెట్‌లో ఈ రెండు అవసరాల్లో ఏదో ఒకటి దెబ్బతింటుంది. జిప్పు నిలువునా కిందిదాకా ఉండాలి, ఒంటి చేత్తో తీయగలగాలి. ఎదురుగాలిలో పైకి లాగి, వెనకగాలిలో కిందికి దింపుకునే ఆ జిప్పే మీ చేతిలో ఉన్న అసలైన ఉష్ణోగ్రతా నియంత్రణ. వెనక భాగం నడుము కిందికి దిగాలి. చక్రం చిమ్మే నీరు పడేది అక్కడే. మడ్‌గార్డు లేని సైకిల్‌కు ఏ జాకెట్టూ న్యాయం చేయలేదు. చేతులు కాస్త పొడుగు ఉండాలి. దుకాణంలో నిటారుగా నిలబడి కాదు, చేతులు ముందుకు చాపి, హ్యాండిల్ పట్టుకున్నట్టు వంగి కొలత చూసుకోవాలి.

చీటీల మీది అంకెలు నమ్మాల్సిన పని లేకుండా మీరే రెండు పరీక్షలు చేయొచ్చు. మొదటిది దుకాణంలోనే. గుడ్డను ఒక పొరగా సాగదీసి పెదాలకు ఆనించి గట్టిగా ఊదండి, అవతల అరచేయి పెట్టండి. శ్వాస హాయిగా దాటి చేతికి వెచ్చగా తగిలితే అది ఎండకాలపు చొక్కా గుడ్డ. బుగ్గలు ఉబ్బినా ఏమీ దాటకపోతే పూర్తిగా గాలి చొరనిది. వీపున జాలీ లేకపోతే మన వాతావరణంలో ఉడికిస్తుంది. బలంగా ఊదితే సన్నగా, ఆలస్యంగా తెలిసే గుడ్డ మనకు కావాల్సింది. రెండోది ఇంట్లో. స్టీలు గ్లాసులో సగం దాకా వేడి నీళ్లు పోసి, జాకెట్ చేతిని ఒక పొరగా గ్లాసు మూతి మీద బిగించి రబ్బరు బ్యాండు వేయండి. పైన చల్లని గాజు గ్లాసు బోర్లించండి. కొన్ని నిమిషాల్లో గాజు లోపల ఆవిరి మసక పడితే గుడ్డ ఊపిరి పీలుస్తోంది. ప్లాస్టిక్ రెయిన్‌కోటుతో ఇదే చేసి పక్కన పెట్టి చూడండి. గాజు మసకబారదు, కోటు అడుగున మాత్రం నీటి బొట్లు కనిపిస్తాయి. బడిలో సైన్సు పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాను.

నల్లమల సంగతి వేరు. నాగర్‌కర్నూలు జిల్లాలో మన్ననూరు దాటాక శ్రీశైలం దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటుంది గనుక, త్వరగా పోవాలనుకునేవారు తెల్లవారుతుండగా బయల్దేరతారు. చలికాలంలో రోజు మొత్తంలో అతి చల్లని గడియ అదే. దట్టమైన చెట్ల కింద ఎండ ఆలస్యంగా దిగుతుంది. దోమలపెంట దాటి ఈగలపెంట వైపు మలుపులు తిరుగుతూ కృష్ణ లోయలోకి దిగేటప్పుడు కాళ్లకు పని ఉండదు, గాలికి ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఉత్తర నుంచి చిత్త కార్తె దాకా, ఇక్కడ పిడుగులతో కూడిన గట్టివానలు పడతాయి. ఉరుము వానతో దిగివచ్చే పైగాలి ఉష్ణోగ్రతను నిమిషాల్లో ఎన్నో డిగ్రీలు పడేస్తుంది. కొండ దారిలో, ఆగి తలదాచుకునే ఊరు దూరంగా ఉన్నచోట, కుట్ల మీద టేపు అంటించిన అసలైన వాటర్‌ప్రూఫ్ జాకెట్ అవసరం. అక్కడ లోపల చెమట పట్టడం చిన్న కష్టం, చలికి వణకడం పెద్ద ప్రమాదం.

ఒంటి లోపలి ఉష్ణోగ్రత 37 నుంచి 35 డిగ్రీల కిందికి దిగితే చేతి వేళ్లు మాట వినవు, బ్రేకు నొక్కే పట్టు పోతుంది, బుర్ర మందగిస్తుంది. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల పర్వత పరుగులో అకస్మాత్తుగా చలిగాలి, వడగండ్ల వాన విరుచుకుపడి 21 మంది చనిపోయారు. వాళ్లలో దేశంలోనే పేరున్న పరుగువీరులు ఉన్నారు. చాలామంది పొట్టి నిక్కరు, పలుచని చొక్కా మీదే ఉన్నారు. జాకెట్ గురించి ఇంత వివరంగా రాయడం దండగ పని కాదనడానికి ఆ 21 ప్రాణాలే సాక్ష్యం.

ఇక మార్చి నుంచి మే దాకా. ఎండలో జాకెట్ అక్కర్లేదు, సాయంత్రం ఈదురుగాలి, వడగండ్లు వస్తే జాకెట్ పనికిరాదు. పక్కా కప్పు కిందికి పోవాలి. ఒంటరి చెట్టు కిందికి మాత్రం పోవద్దు.

నీళ్లు నిలవకుండా చేసే పూత గురించి కూడా తెలుసుకోవాలి. కొత్త జాకెట్ మీద చినుకు ముత్యంలా గుండ్రంగా నిలబడి దొర్లిపోతుంది. కొన్ని నెలలకు చినుకు పరుచుకుని గుడ్డలో ఇంకుతుంది. పూత అరిగిపోవడం ఒక కారణం. మన నల్లరేగడి దుమ్ము, చెమట ఉప్పు, నూనె జిడ్డు పేరుకోవడం అంతకంటే పెద్ద కారణం. బట్టల సోడా, బ్లీచింగ్, కంఫర్ట్ లాంటి మెత్తదనపు ద్రవాలు వాడకుండా తేలికపాటి సబ్బు నీటితో ఉతికి, బాగా జాడించి, నీడలో ఆరేయండి. చీటీ మీద అనుమతి ఉంటే తక్కువ వేడి ఇస్త్రీ పెట్టె పలుచని గుడ్డ అడ్డం పెట్టి రుద్దితే పూత చాలావరకు తిరిగి పనిచేస్తుంది. ఫ్లోరిన్ రసాయనాలతో చేసే పాత రకం పూతలు నేలలో, నీటిలో దశాబ్దాలు గడిచినా నశించవు. ఆ కోవ రసాయనాల్లో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధిత జాబితాలో చేర్చారు. ఫ్లోరిన్ లేని పూతలు కాస్త త్వరగా అరుగుతాయి, మళ్లీ మళ్లీ పట్టించాలి. తుంగభద్ర, కృష్ణ నీళ్లు తాగే మనం ఆ చిన్న శ్రమకు ఒప్పుకోవాలి.

చివరి మాట రంగు గురించి. 44వ నంబరు జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా కర్నూలు వైపు సాగుతుంది. లారీలు, బస్సులు రాత్రింబవళ్లు పరుగెడతాయి. గడువు పెట్టి నడిపే సుదూర సైకిల్ యాత్రల్లో 400 కిలోమీటర్లను 27 గంటల్లో ముగించాలి, రాత్రి తొక్కక తప్పదు. అందుకే ఆ యాత్రల్లో వెలుతురును తిప్పికొట్టే పట్టీలున్న చొక్కా లేకుండా రాత్రి దారి మీదికి రానివ్వరు. ఏ యాత్రలోనూ లేని, రోజూ బడికీ పొలానికీ పాల కేంద్రానికీ సైకిల్ మీద పోయే మనవాళ్లకు ఆ నియమం చెప్పేవారు లేరు. ముసురు పట్టిన సాయంత్రం నల్ల రెయిన్‌కోటు వేసుకున్న పిల్లాడు లారీ డ్రైవరుకు దగ్గరికొచ్చేదాకా కనబడడు. పిల్లలకు వానకోటు కొనే అమ్మానాన్నలు దయచేసి పసుపుదో నారింజదో కొనండి. వెనక వైపూ, చీలమండల దగ్గరా మెరిసే పట్టీ కుట్టించండి. పెడల్‌తోపాటు పైకీ కిందికీ కదిలే మెరుపును చూసి అది సైకిల్ అని డ్రైవరు దూరం నుంచే గుర్తుపడతాడు.